ఆషాఢం బోర్డు రాయించే ముందు

చి.ల.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

బ్యాంకులో పది లక్షల అప్పు మంజూరైందనీ, ఆషాఢంలో ఇరవై శాతం తగ్గింపుతో చీరల కొట్టు తెరుస్తున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. మొదటి మాటకు సంతోషించాను. రెండో మాట విన్నాక నిద్ర పట్టలేదు.

ఎనిమిది వందలకు కొన్న చీర వెయ్యికి అమ్ముతావనుకో. ఇరవై శాతం తగ్గిస్తే మిగిలేది సున్నా. అద్దె, కరెంటు, జీతాలు నీ చేతి నుంచే పోతాయి. పోనీ పది శాతమే తగ్గించావనుకో, లాభం రెండు వందల నుంచి వందకు దిగుతుంది. పాత లాభమే రావాలంటే రెండింతల చీరలు అమ్మాలి. కొనేవాళ్లకు అది ధరలో పదో వంతు, నీకు లాభంలో సగం.

ఈ లెక్క నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. విజయవాడ వన్‌టౌన్‌లో కొట్టు పెట్టిన మూడో ఏడు, వీధంతా తగ్గింపు బోర్డులే కదా అని నేనూ ఒకటి కట్టాను. సరుకేమో రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బుతో కొన్నది. జనం విరగబడ్డారు, గల్లాపెట్టె మూత పడలేదు. తీరా దసరా సరుకు కొనబోతే చేతిలో డబ్బు లేదు. మీ అత్తయ్య గాజులు ఆ ఏడు తాకట్టుకు వెళ్లాయి. ఇప్పటికీ ఆ మాట ఎత్తితే ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

తగ్గింపే వద్దనడం లేదు. బీరువాలోని చీర ఊరికే ఉండదు, వడ్డీ తింటూ ఉంటుంది. నూటికి రూపాయి వడ్డీ, అంటే ఏడాదికి 12 శాతం అనుకున్నా, ఆ ఎనిమిది వందల చీర నెలకు ఎనిమిది రూపాయలు తింటుంది. పది నెలలు కదలకపోతే అది నీకు 880 రూపాయల చీర. అలాంటివి ఏరి ఒక బల్ల మీద వేసి వాటికే తగ్గింపు పెట్టు. కొత్త కొట్టులో పాత సరుకు ఉండదు కాబట్టి ఈ ఏడాదికి నీకు ఆ బోర్డు అక్కర్లేదు. శ్రావణంలో పెళ్లిళ్లు, వరలక్ష్మీ వ్రతం ఉన్నాయి. మంచి చీర నిండు ధరకే పోతుంది.

నీ కన్ను అమ్మేటప్పటి తగ్గింపు మీద కాదు, కొనేటప్పటి తగ్గింపు మీద ఉండాలి. వస్త్రలత బట్టల మార్కెట్‌లో హోల్‌సేల్ వ్యాపారి లక్ష రూపాయల బిల్లు రాసి, ‘నగదైతే రెండు శాతం తగ్గిస్తాను, లేదంటే నెల గడువు’ అన్నాడనుకో. గడువు ఉచితం అనిపిస్తుంది. కాదమ్మా, ఆ నెలకు నువ్వు రెండు వేలు వడ్డీ కడుతున్నట్టే. ఏడాదికి లెక్కేస్తే 24 శాతం దాటుతుంది. అదే 98 వేలు బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టులో, అంటే ఖాతాలో ఉన్నదానికి మించి ఒక పరిమితి దాకా వాడుకోనిచ్చే అప్పులో, 11 శాతానికి తీసి నగదు ఇచ్చేస్తే, నెల వడ్డీ తొమ్మిది వందల లోపే. పదకొండు వందలకు పైగా మిగిలాయి, ఒక్క చీర అమ్మకుండానే. ఓవర్‌డ్రాఫ్టులో వాడుకున్న సొమ్ముకు, వాడుకున్న రోజులకే వడ్డీ. అందుకని అమ్మకం డబ్బు కొట్టులో దాచకుండా ఏ రోజుకారోజు ఖాతాలో వెయ్యి.

నీ అప్పు చలన వడ్డీదైతే, అంటే మధ్యలో పెరిగి తగ్గే వడ్డీదైతే, అది రెపో రేటుకు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రేటుకు, ముడిపడిందో లేదో అడుగు. 2019 అక్టోబరు నుంచి చిన్న వ్యాపారాల కొత్త చలన వడ్డీ అప్పులను బ్యాంకులు తమ చేతిలో లేని బయటి ప్రమాణ రేటుకు ముడిపెట్టాలని రిజర్వు బ్యాంకు నియమం. ఎక్కువ బ్యాంకులు రెపోనే పట్టుకున్నాయి. రెపో మీద బ్యాంకు ఎంత కలుపుతోందో కాగితంలో చూసుకో, బేరం ఆడాల్సింది అక్కడ. 2022 మే మొదట్లో 4 శాతం ఉన్న రెపో 2023 ఫిబ్రవరికి 6.50 అయింది. 2025లో మళ్లీ దిగింది. పది లక్షల మీద ఒక్క శాతం పెరిగితే ఏడాదికి పది వేలు. నీకే కాదు, నీ కొట్టుకొచ్చే ఆవిడ ఇంటి అప్పు వాయిదా కూడా అప్పుడే బరువెక్కుతుంది. రెండు చీరలు కొనేది ఒకటితో సరిపెడుతుంది. వడ్డీ పెరిగిందని పత్రికలో చూసిన నెల సరుకు కాస్త తక్కువ తెప్పించు.

కొట్టుకు ఏసీని వడ్డీలేని వాయిదాల్లో కొంటున్నావట. సున్నా వడ్డీ పథకాలను రిజర్వు బ్యాంకు 2013లోనే తప్పుపట్టింది. మొత్తం ఒకేసారి కడితే ఎంతకిస్తావని అడుగు. ఆ రెండు ధరల మధ్య తేడాయే వడ్డీ.

ఆదివారం మంజూరు పత్రం నకలు పట్టుకుని రా. ఏ చీర ఏ తేదీన ఎంతకు కొన్నావో రాసిన పుస్తకం కూడా తీసుకురా. అలాంటిది లేకపోతే దారిలో ఒకటి కొను.

మీ మామయ్య