సమాధానం: కాంటిలివర్ లెక్కలో 1.5 మి.మీ., కొలిస్తే 45 మి.మీ. ఎందుకు?

ఒక చివర బిగించి, రెండో చివర గాల్లో వదిలిన స్టీల్ పట్టీ (కాంటిలివర్) లోడ్ కింద ఎంత కుంగుతుందో లెక్కిస్తే 1.5 మి.మీ. వచ్చిందని, కొలిస్తే 45 మి.మీ. ఉందని మీరు అడిగారు. మీ ఫార్ములా సరైనదే: లోడ్ × పొడవు³ ÷ (3 × ఈ × ఐ). ఇందులో ‘ఈ’ అంటే లోహం సాగకుండా నిలిచే గట్టిదనం, ‘ఐ’ అంటే పట్టీ అడ్డుకోత ఆకారం వంపును ఎంత ఆపుతుందో చెప్పే అంకె. పొరపాటంతా ‘ఐ’లోనే ఉంది. 60 × 12 మి.మీ. పట్టీని మీరు పడుకోబెట్టి బిగించారు, లెక్క మాత్రం నిలబెట్టినట్టు వేశారు. ఘనం చేయాల్సింది ఎప్పుడూ లోడ్ దిశలో ఉన్న కొలతనే. అంటే ఐ = 60 × 12³ ÷ 12 = 8,640 మి.మీ⁴. మీరు తీసుకున్నది 2,16,000, సరిగ్గా 25 రెట్లు ఎక్కువ.

ఇప్పుడు 1,000 మి.మీ. పొడవు, చివర 200 న్యూటన్లు, ఈ = 2,00,000 న్యూటన్/మి.మీ² పెడితే 38.6 మి.మీ. వస్తుంది. మీరు లెవెల్‌గా, తిన్నగా కట్టిన దారం నుంచి కొలిచారు కాబట్టి పట్టీ సొంత బరువు (సుమారు 55 న్యూటన్లు) కూడా కలపాలి. అది పొడవంతా పరుచుకున్న లోడ్, కాబట్టి హారంలో 3 బదులు 8 వస్తుంది: ఇంకో 4 మి.మీ.

మిగిలిన 2.4 మి.మీ.కి నా అనుమానం బిగింపు మీదే. బిగించిన చోట పట్టీ 0.0024 రేడియన్లు తిరిగినా చాలు, చివర అంత కుంగుతుంది. క్లాంప్ అంచు దగ్గర డయల్ గేజ్ (చిన్న కదలికలను ముల్లుతో చూపే కొలత పరికరం) పెట్టి చూడండి.

బలం విషయంలో భయం లేదు. బిగించిన చోట మూమెంట్ (వంచే ప్రభావం: బలం × దూరం) 2,27,700 న్యూటన్-మి.మీ., దాన్ని 1,440తో (ఐని సగం మందం 6తో భాగిస్తే వచ్చేది) భాగిస్తే ఒత్తిడి 158 న్యూటన్/మి.మీ². మామూలు మైల్డ్ స్టీల్ ఈల్డ్ (శాశ్వతంగా వంగిపోవడం మొదలయ్యే ఒత్తిడి) 250. కుంగు తగ్గాలంటే పట్టీని నిలబెట్టండి, పక్కకు ఒరగకుండా ఆధారం ఇవ్వండి.