ఉమ్మనీరు పోతుంటే సీఆర్పీ సంగతి తర్వాత

ప్రశ్న: మా ఆవిడకు ఎనిమిదో నెల, 31 వారాలు. రెండు రోజులుగా కొద్దికొద్దిగా నీరు పోతోంది. ఒళ్లు వెచ్చబడితే మెడికల్ షాపులో అడిగి అమాక్సిసిలిన్-క్లావులనేట్, పారాసిటమాల్ వేశాం. సీఆర్పీ 38, తెల్లకణాలు 16,000 ఉన్నాయి. సీఆర్పీ తగ్గడానికి ఏం పెట్టాలి? బిడ్డ మెదడుకు ప్రమాదమా?
- ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: సీఆర్పీ అంటే ఒంట్లో ఇన్ఫెక్షన్ లాంటివి ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీన్. తిండితో తగ్గేది కాదు. ఇది చదివేసరికీ ఆమె ఇంట్లోనే ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. తిరుపతిలో ఎన్‌ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ) ఉన్న ఆస్పత్రికే నేరుగా వెళ్లండి. పుట్టాక బిడ్డను తరలించడం కంటే కడుపులో ఉండగా తల్లిని తీసుకెళ్లడమే క్షేమం.

గర్భిణుల్లో సీఆర్పీ మామూలుగానే కాస్త ఎక్కువ. తెల్లకణాలు 15,000 దాకా ఉండొచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా సీఆర్పీ పెరుగుతుంది. కాబట్టి అంకె చూసి జబ్బు తేల్చలేం. కానీ నీరు పోతూ జ్వరం కూడా ఉంటే ఉమ్మనీటి సంచికి ఇన్ఫెక్షన్ సోకిందేమోనని అనుమానించాల్సిందే. 100.4 దాటిన జ్వరం, తల్లి నాడి 100 పైన, బిడ్డ గుండె 160 పైన, పొత్తికడుపు నొప్పి, నీటికి దుర్వాసన... మేం చూసేవి ఇవి. వీటిలో మొదటిదాన్నే మీ పారాసిటమాల్ కప్పేసింది!

అమాక్సిసిలిన్-క్లావులనేట్ గురించీ చెప్పాలి. నెలలు నిండకుండా ఉమ్మనీరు పోయిన తల్లులకు క్లావులనేట్ కలిసిన మందు ఇస్తే, పిల్లల్లో పేగులు దెబ్బతినే 'నెక్' జబ్బు ఎక్కువగా కనిపించింది. అందుకే మేం దాన్ని వాడం, ఎరిత్రోమైసిన్ లాంటివి ఇస్తాం. వేసిన నాలుగు మాత్రలకే బెంబేలు పడకండి. ఆ స్ట్రిప్ మాత్రం వెంట తీసుకెళ్లి, ఎప్పుడెప్పుడు వేశారో చెప్పండి. షాపులో కుర్రాడికి ఎన్ని వారాలో తెలియదు, మీరూ చెప్పి ఉండరు.

ఆస్పత్రిలో బిడ్డ ఊపిరితిత్తుల కోసం డెక్సామెథాసోన్ 6 మి.గ్రా. చొప్పున 12 గంటలకొకటి, నాలుగు ఇంజెక్షన్లు ఇస్తారు. ఆ తర్వాత తెల్లకణాలు పెరిగితే కంగారొద్దు, ఆ మందుతోనూ పెరుగుతాయి. 32 వారాల లోపు కాన్పు తప్పదనుకుంటే బిడ్డ మెదడు రక్షణకు మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తారు. ఇన్ఫెక్షన్ ఖాయమైతే డెక్సామెథాసోన్ కోర్సు పూర్తయ్యేదాకా ఆగరు, కాన్పు చేస్తారు.

మెదడు విషయం: ఇన్ఫెక్షన్ వల్ల మెదడులో రక్తస్రావం, అందులోని నరాల తీగలుండే తెల్లపదార్థం దెబ్బతినడం, ఊపిరి ఇబ్బంది, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా విషమించడం) ముప్పు పెరుగుతుంది. పెరుగుతుందన్నాను, వస్తాయని కాదు. ఆమెను పరీక్షించకుండా ఇంతకు మించి చెప్పలేను. పుట్టాక తల స్కాన్ చేస్తారు. 34 వారాల లోపు పుట్టినా, రెండు కిలోల లోపున్నా పుట్టిన నాలుగో వారానికల్లా రెటీనా (కంటి లోపలి పొర) పరీక్ష చేయించాలి. డిశ్చార్జి అయ్యాక చాలామంది దీన్నే మరిచిపోతున్నారు.