హిమోగ్లోబిన్ బాగుందంటే ఐరన్ ఉన్నట్టు కాదు

అమ్మాయికి,

ఆశీస్సులు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, జుట్టు ఊడుతోందని, హిమోగ్లోబిన్ 12.2 ఉంటే "నార్మలే" అన్నారని రాశావు. ఆ ఒక్క అంకె దగ్గర ఆగిపోకు తల్లీ. ఐరన్ తగ్గుతున్నప్పుడు ముందు కరిగిపోయేది కాలేయంలో, ఎముక మజ్జలో దాచుకున్న నిల్వ. అది అయిపోయాక రక్తంలో తిరిగే ఐరన్ తగ్గుతుంది. ఆ తరువాత కొత్తగా పుట్టే ఎర్రకణాలు చిన్నవిగా, పాలిపోయి వస్తాయి. హిమోగ్లోబిన్ పడిపోయేది అన్నిటికన్నా ఆఖర్న. అది పడేదాకా ఆగితే నెలల తరబడి నీరసం ఊరికే మోసినట్టే.

మొదట మూడు పరీక్షలు చాలు: సీబీపీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఐరన్ నిల్వ ఎంతో చెప్పేది), సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉందేమో చూపేది). సీరం ఐరన్ (రక్తంలో తిరిగే ఐరన్) ఒక్కటే చేయించుకుని తేల్చుకోవాలని చూడకు. అది పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది, ఐరన్ బిళ్ళ వేసుకున్న కొన్ని గంటలకు ఎగబాకుతుంది. సందేహం మిగిలితేనే సీరం ఐరన్, టీఐబీసీ (రక్తం ఎంత ఐరన్ మోయగలదో చెప్పేది) కలిపి చేయించుకుని ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్, అంటే ఆ మోసే శక్తిలో ఎంత శాతం నిండిందో చూడాలి. అది 16 శాతం కన్నా తగ్గి, టీఐబీసీ పెరిగి ఉంటే ఐరన్ లోపమని నమ్మొచ్చు.

సీబీపీకి, ఫెరిటిన్‌కి పరగడుపున వెళ్ళక్కర్లేదు. సీరం ఐరన్ కూడా ఉంటే మాత్రం పొద్దున్నే, ఏమీ తినకుండా వెళ్ళు, ముందు రోజు ఐరన్ బిళ్ళ మానెయ్యి. జుట్టు కోసం బయోటిన్ బిళ్ళలు వేసుకుంటున్నావా? అయితే రెండు మూడు రోజుల ముందే ఆపి, ఆ సంగతి ల్యాబ్‌లోనూ చెప్పు. కొన్ని యంత్రాల్లో బయోటిన్ వల్ల ఫెరిటిన్ ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. జ్వరమో, ఇన్‌ఫెక్షనో ఉంటే తగ్గాక రెండు మూడు వారాలు ఆగి వెళ్ళు.

రక్తం తీసే చోట జరిగే పొరపాట్లు తక్కువేం కాదు. వెళ్ళగానే చెయ్యి చాపకు, పది పదిహేను నిమిషాలు కూర్చో. నిలబడి ఉన్నంతసేపూ రక్తంలోని నీరు కొంత కణజాలంలోకి జారుతుంది, హిమోగ్లోబిన్ కాస్త ఎక్కువ చూపిస్తుంది. చేతికి కట్టే పట్టీ నిమిషం దాటి ఉంచినా అంతే. సీబీపీకి వాడేది ఊదా మూత ట్యూబు. గీత దాకా నింపి, వెంటనే ఎనిమిది పది సార్లు మెల్లగా తలకిందులు చెయ్యాలి. గట్టిగా ఊపితే కణాలు పగులుతాయి. అసలు కలపకుండా స్టాండులో పెడితే సన్నటి గడ్డలు కట్టి లెక్కలన్నీ తప్పుతాయి. రక్తం గడ్డకట్టకుండా ఆ ట్యూబులో వేసే ఈడీటీఏ అనే రసాయనం ఐరన్‌ను పట్టేసుకుంటుంది కాబట్టి సీరం ఐరన్‌కి ఆ రక్తం పనికిరాదు, వేరే ట్యూబు తీయాల్సిందే. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి తీస్తే రక్తం పలచబడి హిమోగ్లోబిన్ తక్కువగా వస్తుంది. వేలి కొసన గుచ్చి చూసే పరీక్షలోనూ మొదటి చుక్క తుడిచేసి, రెండోది దానంతట అది ఊరేదాకా ఆగాలి. వేలు పిండితే రక్తంలో కణజాలపు నీరు కలుస్తుంది.

ఇక రిపోర్టు చదవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో రక్తహీనత అంటే హిమోగ్లోబిన్ మగవాళ్ళకు 13 కన్నా, గర్భిణులు కాని ఆడవాళ్ళకు 12 కన్నా తక్కువ ఉండడం. గర్భిణులకు ఆ హద్దు 11, నడిమి మూడు నెలల్లో 10.5. పొగతాగేవాళ్ళకు, ఎత్తైన కొండల మీద ఉండేవాళ్ళకు హిమోగ్లోబిన్ సహజంగానే ఎక్కువ ఉంటుంది, వాళ్ళ విషయంలో ఈ హద్దులు మోసం చేస్తాయి. నీ 12.2 హద్దుకి ఒక్క వెంట్రుకవాసి పైన ఉంది. దాని కింద ఎమ్‌సీవీ (ఎర్రకణాల సగటు సైజు) 79, ఆర్‌డీడబ్ల్యూ (వాటి సైజుల్లో తేడా) 16 అని ఉందనుకో. కణాలు సగటున చిన్నవయ్యాయి, పాత పెద్దవీ కొత్త చిన్నవీ కలగలిసి ఉన్నాయి అని అర్థం. దానికి తోడు ఫెరిటిన్ 9 వచ్చిందా, ఇక అనుమానం అక్కర్లేదు, నిల్వ అడుగంటింది.

ఫెరిటిన్ 15 కన్నా తక్కువైతే ఐరన్ లోపమే. చాలామంది వైద్యులు 30 కిందకి దిగగానే లోపంగా చూస్తారు, నాకూ అదే సబబనిపిస్తుంది. అయితే ఫెరిటిన్‌తో ఒక చిక్కుంది. ఒంట్లో ఎక్కడ వాపు ఉన్నా, కాలేయం దెబ్బతిన్నా అది పెరుగుతుంది. తక్కువ వస్తే నమ్మొచ్చు గానీ, మామూలుగా ఉంటే మాత్రం సీఆర్‌పీ చూడకుండా నమ్మకూడదు. సీఆర్‌పీ పెరిగి ఉంటే ఫెరిటిన్ 70 లోపు ఉన్నా ఐరన్ లోపం ఉండొచ్చు.

ఇంకో మాట ముఖ్యంగా చెప్పాలి. చిన్న కణాలన్నీ ఐరన్ లోపం కావు. ఎమ్‌సీవీ 64, ఎర్రకణాల లెక్క 5.8 మిలియన్లు అనుకో. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 11. ఇలా 13 కన్నా తక్కువ వస్తే తలసీమియా లక్షణం (తల్లిదండ్రుల నుంచి వచ్చే హిమోగ్లోబిన్ లోపాన్ని మోస్తూ ఉండడం) ఉందేమోనని అనుమానించాలి. అదే 72, 4.3 అయితే దాదాపు 17, ఐరన్ లోపం వైపు మొగ్గు. ఇది అనుమానానికి పనికొచ్చే లెక్కే, తీర్పు కాదు. తేల్చేది హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసే ఎలక్ట్రోఫోరెసిస్ లేదా హెచ్‌పీఎల్‌సీ పరీక్ష. బీటా తలసీమియా లక్షణం ఉంటే అందులో ఏ2 అనే రకం హిమోగ్లోబిన్ సాధారణంగా 3.5 శాతం దాటుతుంది. ఐరన్ లోపం కూడా ఉంటే ఏ2 తగ్గి కనిపించొచ్చు కాబట్టి ముందు ఐరన్ సరిచేసుకుని చేయిస్తే మేలు. పిల్లల్ని కనాలనుకునే జంటలో ఇద్దరికీ ఈ లక్షణం ఉంటే బిడ్డకు తీవ్రమైన తలసీమియా రావచ్చు, అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను. ఇక బీ12 లోపం కూడా కలిస్తే, అది కణాల్ని పెద్దవి చేస్తుంది, ఐరన్ లోపం చిన్నవి చేస్తుంది, సగటు మామూలుగా తేలుతుంది. అప్పుడు పట్టిచ్చేది ఆర్‌డీడబ్ల్యూ, స్మియర్ (రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి మైక్రోస్కోపులో చూడడం).

లోపం తేలితే ఐరన్ ఎక్కడ పోతోందో వెతకమని వైద్యుణ్ణి అడుగు. నెలసరి ఎక్కువగా అవుతోందా? పేగుల్లో రక్తస్రావమా? పేగు ఐరన్‌ను పీల్చుకోలేకపోతోందా? మగవాళ్ళలో, నెలసరి ఆగినవాళ్ళలో ఐరన్ లోపం కనిపిస్తే కడుపు, పేగులు చూడకుండా బిళ్ళలిచ్చి ఊరుకోకూడదు. పరీక్ష లేకుండా ఏళ్ళ తరబడి బిళ్ళలు మింగడమూ వద్దు, ఎక్కువైన ఐరన్‌ను బయటికి పంపే దారి ఒంటికి లేదు.

బిళ్ళలు మొదలుపెడితే టీ, కాఫీ, కాల్షియం బిళ్ళలకు రెండు గంటలు ఎడం పాటించు. రోజూ పడకపోతే రోజు విడిచి రోజు వేసుకోవచ్చేమో వైద్యుణ్ణి అడుగు. మలం నల్లబడితే కంగారుపడకు, అది ఐరన్ రంగు. తారులా జిగటగా, దుర్వాసనతో ఉంటే మాత్రం రక్తమేమోనని చూపించాలి. నాలుగు వారాలకు సీబీపీ మళ్ళీ చేయించాలి. రక్తహీనత ఉన్నవాళ్ళకు అప్పటికి హిమోగ్లోబిన్ కనీసం 1 గ్రాము పెరగాలి. పెరగకపోతే బిళ్ళలు సరిగా వేసుకోకపోవడమో, నష్టం ఆగకపోవడమో, అసలు రోగం వేరే కావడమో అయి ఉంటుంది. హిమోగ్లోబిన్ సరిపడాక కూడా నిల్వ నిండేందుకు సుమారు మూడు నెలలు కొనసాగించాలి. ఆ తరువాత ఫెరిటిన్ చూడాలి.

కూర్చున్నా ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం, హిమోగ్లోబిన్ 7 కన్నా తగ్గడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళు.

రిపోర్టు ఫొటో పంపేటప్పుడు హిమోగ్లోబిన్ వరుస ఒక్కటే కత్తిరించి పంపకు. తేదీ, ల్యాబ్ ఇచ్చిన హద్దులు, కింద స్మియర్ గురించి రాసిన రెండు వాక్యాలు కనిపించేలా పేజీ మొత్తం పంపు.

ప్రేమతో,
పెద్దమ్మ