పెల్టియర్ పలక వోల్టేజీ పడిపోతున్న సమస్యకు సమాధానం

అనంతపురంలో కళాశాల ప్రాజెక్టు కోసం పెల్టియర్ పలకను (రెండు వైపుల ఉష్ణోగ్రతల్లో తేడా ఉంటే విద్యుత్తు పుట్టించే పలక) వేడి పెనం మీద పెడితే మొదట 3 వోల్టులు వచ్చి, కొద్ది నిమిషాల్లో 1 వోల్టుకు పడిపోతోందని, పలక చెడిపోయిందేమోనని మీరు అడిగారు. చెడిపోలేదనే నా అభిప్రాయం. చల్లగా ఉండవలసిన వైపు కూడా వేడెక్కుతోంది.

పలక లోపల ఉండే బిస్మత్ టెల్యురైడ్ అనే అర్ధవాహకపు ముక్కల జంట ఒక్కొక్కటి డిగ్రీ తేడాకు సుమారు 0.4 మిల్లీవోల్టు ఇస్తుంది కాబట్టి, 127 జంటలున్న మీ పలక నుంచి డిగ్రీకి దాదాపు 0.05 వోల్టు వస్తుంది. అంటే రెండు వైపుల మధ్య మొదట 60 డిగ్రీలున్న తేడా చివరికి 20 డిగ్రీలకు తగ్గిందన్నమాట. ఎండాకాలంలో మన ఊరి గాలే 40 డిగ్రీలు దాటుతుంటే, మీరు చల్లని వైపు అమర్చిన, ఫ్యాను లేని అల్యూమినియం రెక్కలు ఏపాటి చల్లబరుస్తాయి? వాటిని తీసేసి, వేడిని బాగా దాటించే థర్మల్ పేస్టు పలుచగా రాసి, అడుగు చదునుగా ఉన్న నీళ్ళ గిన్నెను పలక మీద గట్టిగా అదిమి ఉంచండి. వోల్టేజీ మళ్ళీ పెరిగితే పలక బాగున్నట్టే.

పలక నిరోధాన్ని మల్టీమీటరుతో కొలిచి అనుమానపడ్డారు గానీ, ఉష్ణోగ్రతలో తేడా ఉన్నంతసేపు పలక పుట్టించే వోల్టేజీయే మీటరును తప్పుదారి పట్టిస్తుంది, కనుక ఆ అంకెను నమ్మవద్దు. పెనం వేడిని మాత్రం అదుపులో ఉంచండి: చల్లబరచడానికి తయారుచేసిన చవక పలకల్లో తరచుగా వాడే బిస్మత్-తగరం టంకం 138 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది.