రోడ్డు రైడింగ్‌కూ ట్రయథ్లాన్‌కూ (ఈత, సైకిల్, పరుగు కలిసిన పోటీ) ఒకే సైకిల్ సరిపోతుందా?

సరిపోతుంది, కాకపోతే అది రోడ్ బైక్ అయి ఉండాలి; ట్రయథ్లాన్ బైక్ ఒక్కటే ఉంటే రోడ్డు రైడింగ్ సరిగా సాగదు.

తేడా అంతా కూర్చునే భంగిమలో ఉంది. రోడ్ బైక్‌లో సీటు కింది గొట్టం నేలతో చేసే కోణం సుమారు 72–74 డిగ్రీలు. ట్రయథ్లాన్ బైక్‌లో అది 76 పైనే ఉంటుంది కాబట్టి తొక్కే మనిషి ముందుకు జరుగుతాడు, బాగా వంగినా మోకాళ్లు పొట్టకు అంతగా తగలవు. మోచేతులు ఆనించి, గాలికి ఒదిగి తొక్కవచ్చు. అయితే అప్పుడు చేతులు బ్రేకులకు దూరమవుతాయి. గుంపులో అది నిజంగా ప్రమాదం.

బెంగళూరు నుంచి ఆదివారం తెల్లవారుజామున నంది హిల్స్‌కు వెళ్లేవారినే తీసుకోండి. ఆ మలుపుల్లో దిగేటప్పుడు వేళ్లు బ్రేకుల మీదే ఉండాలి. అదే సైకిల్‌ను ఒలింపిక్ దూరం ట్రయథ్లాన్‌కు (అందులో సైకిల్ భాగం 40 కిలోమీటర్లు) సిద్ధం చేయాలంటే హ్యాండిల్‌కు క్లిప్-ఆన్ ఏరో బార్లు, అంటే మోచేతులు ఆనించుకునే విడి కడ్డీలు, బిగించి, సీటును కాస్త ముందుకు జరిపి, కొద్దిగా పైకెత్తాలి. సీటు గొట్టం మీద పాత ఎత్తు దగ్గర టేపు ముక్క అంటిస్తే మళ్లీ దించడం క్షణాల్లో పని. ముందువారి వెనుక గాలి చాటున తొక్కనిచ్చే పోటీల్లో మాత్రం రోడ్ బైకే తప్పనిసరి. బార్ల నిబంధన ముందే చూసుకోవాలి.

ఖరీదైన ట్రయథ్లాన్ బైక్ ఉంటేనే వేగం వస్తుందన్నది అపోహ. గాలి నిరోధంలో సింహభాగం సైకిల్‌ది కాదు, తొక్కే మనిషి ఒంటిది. సీటు కదపకుండా బార్లు మాత్రమే బిగించేవారికి నడుము నొప్పే మిగులుతుంది.