కారు వెనుక సైకిళ్లు కట్టబోతున్న అమ్మాయికి

చి. సౌ. శ్రీలతకు పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వూ అల్లుడూ కొత్త క్రెటా కారుకు వెనుక హిచ్ (ట్రెయిలరు లాగడానికో, రాక్ తగిలించడానికో కారు కింద బిగించే ఇనుప కొక్కెం) బిగించి, దానిమీద సైకిల్ రాక్ పెట్టి, ఆదివారాలు నంది కొండకూ సెలవుల్లో హిందూపురానికీ సైకిళ్లతో వెళ్లాలని నిశ్చయించుకొన్నట్టు మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. నలభయ్యో ఏట కొండెక్కే సైకిలు తొక్కాలని బుద్ధి పుట్టిన ఆడపిల్ల మన ఇంట ఉన్నందుకు నాకు కలిగిన సంతోషం నీ ఎదుట ఒప్పుకోవడానికి మొహమాటమేమీ లేదు. కాని బెంగుళూరు జె.సి. రోడ్డులో ఎవరో గంటలో బిగించి ఇస్తామన్నారని ఆమె అదే ఊపులో చెప్పేసరికి ఆ సంతోషం కాస్తా సన్నగిల్లింది. గంటలో అయ్యే పని ఏమిటో, కానిది ఏమిటో ఫ్యాక్టరీలో ఫిట్టరుగా జీవితం గడిపినవాడిగా నాకు కొంత తెలుసు. అందుకే ఈ ఉత్తరం.

సులువైన సంగతులు ముందు చెప్పి పక్కన పెడతాను. డిక్కీ తలుపుకు పట్టీలతో తగిలించే రాక్ ఒక తేలికపాటి సైకిలుకు, దగ్గరి ప్రయాణానికి సరిపోతుంది; డిక్కీ పైన రెక్కలా పొడుచుకొని ఉండే ప్లాస్టిక్ స్పాయిలర్ ఉంటే అదీ వద్దు. పైకప్పు మీద సైకిళ్లు నిలబెడితే వెనుక అద్దానికి, నంబరు ప్లేటుకు అడ్డం ఉండదు గాని, కొండ ఎక్కి దిగి అలసివచ్చిన మనిషికి అపార్టుమెంటు బేస్‌మెంటు దూలం గుర్తుంటుందని నేను నమ్మను. ముందు చక్రాలు ఊడదీసి, వెనుక సీటు మడిచి, సైకిళ్లను లోపలే పడుకోబెట్టడం అన్నిటికన్నా చవక. కాని బాబు కూడా వస్తాడు కాబట్టి మీకు అది కుదరదు. కనుక హిచ్ కావాలన్న నీ ఆలోచన సబబే.

అయితే రాక్ ఏది కొనాలని అడిగే ముందు, ఆ హిచ్ కారులో దేన్ని పట్టుకొని ఉంటుందో అడగాలి. బొలెరో, స్కార్పియో, ఫార్చ్యూనర్ వంటి బండ్లకు కింద నిచ్చెన ఆకారంలో ఉక్కు చాసిస్ ఉంటుంది, దానికి ఏదైనా బిగించవచ్చు. మీ కారుకు అలాంటి చాసిస్ విడిగా లేదు. రేకును మడిచి, అతికించి, కారు ఒంటినే చాసిస్‌గా చేస్తారు. అందులో గట్టి భాగాలు కొన్ని చోట్ల మాత్రమే ఉంటాయి. హిచ్ వాటికే, రెండు పక్కలా, బోల్టులతో పట్టుకోవాలి. బంపరు ప్లాస్టిక్‌కు గాని, స్టెప్నీ పెట్టే గుంత రేకుకు గాని బిగిస్తామన్నవాడికి నమస్కారం పెట్టి వచ్చెయ్యి. కారుతో ఇచ్చిన పుస్తకంలో లాగే బరువు గురించి ఏమి వ్రాశారో ముందు చదువు. లాగవద్దని అందులో ఉంటే అంగడివాడు ఎంత ధైర్యం చెప్పినా ఆ కారుకు హిచ్ వద్దు.

బరువు లెక్కలోనూ చాలామంది పొరపడతారు. ట్రెయిలరు లాగేటప్పుడు దాని బరువులో అధిక భాగాన్ని దాని చక్రాలే మోస్తాయి, హిచ్ మీద పడేది కొద్దిపాటి. సైకిల్ రాక్‌కు చక్రాలు లేవు. దాని బరువంతా, దానిమీద సైకిళ్ల బరువంతా హిచ్ మీదే వేలాడుతుంది, పైగా కారుకు దూరంగా వేలాడుతుంది. నీళ్ల బిందెను చంకన పెట్టుకోవడానికీ, అదే బిందెను చేయి చాచి పట్టుకోవడానికీ ఉన్న తేడా ఇది. అందుచేత ఎంత లాగగలదన్న అంకెను చూసి మురిసిపోక, నిలువుగా ఎంత మోయగలదన్న అంకెను అడుగు. యూరప్ కార్లలో అది తరచు 75 కిలోల దగ్గర ఉంటుంది. పద్దెనిమిది కిలోల రాక్, పదిహేనేసి కిలోల సైకిళ్లు రెండు కలిస్తే 48 కిలోలు. బాగానే ఉంది కదా అనుకొని రేపు అల్లుడు పాతిక కిలోల బ్యాటరీ సైకిలు కొంటే లెక్క మారుతుంది. అప్పుడు బ్యాటరీ ఊడదీసి కారులో పెట్టుకోవాలి. మన బెంగుళూరు హంపుల మీద కారు ఒక్కసారి ఎగిరి పడితే ఆ 48 కిలోలు అంతకు రెట్టింపుగా ఈడ్చుతాయి, ఆ ఈడ్పు ఒకసారితో పోదు, ప్రతి హంపు దగ్గరా తగులుతుంది. లోహం అలసిపోయేది అలాగే.

ఇక్కడ నీకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. నువ్వు ఎనిమిదో తరగతిలో ఉండగా నీ ఎర్ర సైకిలు హిందూపురంలో ఎవరో ఎత్తుకుపోయారని మీ నాన్న చెప్పాడు, నువ్వు వారం రోజులు ఏడ్చావు. ఆ సైకిలును ఎవరూ ఎత్తుకుపోలేదమ్మా. వేసవి సెలవులకు నువ్వూ అమ్మా రైల్లో ముందు వెళ్లారు. నీ సైకిలు నీకు అక్కడ అందించి ఆశ్చర్యపరచాలని మీ నాన్న తన మారుతీ 800 వెనుక ఇనుప చట్రం ఒకటి పెట్టించాడు. యాంగిల్ ఇనుముతో చట్రం గట్టిగానే ఉంది, నేను ఊపి చూశాను, కదలలేదు. కాని ఆ వెల్డింగు చేసినవాడు దాన్ని వెనుక నేల రేకుకు అతికించాడు. కాగితం మందాన ఉన్న రేకు మీద అంత వేడి పెడితే అతుకు పక్కనున్న లోహం పెళుసెక్కుతుంది, పెయింటు కాలిపోయి తుప్పు లోపలినుండి మొదలవుతుంది. పైకి మాత్రం కొత్త రంగు వేసి నిగనిగలాడేలా ఇచ్చాడు. దానిమీద మీ నాన్న రెండు నెలలు ఏవేవో సామాన్లు మోశాడు, ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే అతనికి ధైర్యమైంది.

అప్పటికి ఆ దారి ఏడో నంబరు జాతీయ రహదారి. చిక్కబళ్లాపురం దాటి, బాగేపల్లి రాకముందు, నేను పక్క సీట్లో కూర్చొని ఉండగా వెనుక ఏదో చిరిగినట్టు చప్పుడైంది. విరిగిన చప్పుడు కాదు, చిరిగిన చప్పుడు. చట్రం చెక్కుచెదరలేదు, దాని అతుకులు చెక్కుచెదరలేదు. అతుకు చుట్టూ ఉన్న రేకే ఒక ముక్కగా చిరిగి ఊడి వచ్చి, చట్రమూ సైకిలూ కలిసి రోడ్డు మీద దొర్లాయి. వెనుక టీవీఎస్ మోపెడ్ మీద ఒకాయన పాల క్యానులతో వస్తున్నాడు. ఆయన బండి తిప్పి మట్టి అంచులోకి దిగి పడ్డాడు. మోచేయి, మోకాలు గీసుకుపోయాయి, ప్రాణానికి ఏమీ కాలేదు. ఆయన వెనుక లారీ వస్తూ ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి ఇప్పటికీ నాకు ధైర్యం చాలదు. మీ నాన్న ఆయనను బాగేపల్లిలో డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లి కట్టు కట్టించి, పాల డబ్బులూ మోపెడ్ బాగు ఖర్చూ ఇచ్చి, ఆ రోజునుండి కారు వెనుక ఏమీ కట్టలేదు. సైకిలు ముందు చక్రం ఎనిమిది అంకెలా వంగిపోయింది. దాన్ని నీకు చూపించడం కన్నా దొంగ మీద నెట్టడం తేలికనుకొన్నాడు పిచ్చివాడు. ఇప్పుడు తెలిసింది కదా అని అతణ్ణి నిలదీయకు. నేను చెప్పినట్టు కూడా చెప్పకు.

కనుక నాకు నీ సైకిళ్ల మీద బెంగ లేదు, నీ వెనుక వచ్చేవాడి మీద బెంగ. వెల్డింగు మాట ఎత్తినవాడి దగ్గర పని చేయించకు. కారుకు తయారీలోనే పెట్టిన రంధ్రాలకు సరిపోయేలా చేసిన హిచ్ కావాలి. లోపలివైపు మందపాటి ప్లేటు, తగిన బోల్టులు, టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానాతో) బిగింపు. మొదటి వంద కిలోమీటర్ల తరువాత బిగింపు మళ్లీ చూడాలి. దిగేటప్పుడు ఊడదీయగలిగే రకమే తీసుకో: ఎప్పుడూ బయటకు పొడుచుకొని ఉండే ఇనుప ముక్కు పార్కింగులో పిల్లల కాళ్లకు తగులుతుంది, వెనుకనుండి ఎవరైనా మెల్లగా తాకినా ఆ దెబ్బను బంపరు మింగడానికి వీలు లేకుండా నేరుగా కారు ఒంటికి చేరుస్తుంది.

రాక్ విషయానికి వస్తే, రెండు అంగుళాల చతురస్రపు గొట్టంలో దూర్చేవి కొన్ని, 50 మిల్లీమీటర్ల గుండు మీద బిగించేవి కొన్ని. హిచ్ ఏ రకమో తేలకముందే అమ్మకాల్లో తక్కువకు వచ్చిందని రాక్ కొనకు. సరిపోని రెంటిని కలపడానికి మధ్యలో పెట్టే అడాప్టరు బరువును ఇంకా వెనక్కి జరుపుతుంది. పై గొట్టం పట్టుకొని సైకిలును వేలాడదీసే రకం కన్నా, చక్రాలను తొట్టిలో నిలబెట్టే రకం నీకు మేలు: నీ సైకిలుకు పై గొట్టం వాలుగా ఉంది, అల్లుడిది కార్బన్ ఫ్రేము కాబట్టి బిగింపు నొక్కుడు దానికి పడదు. సైలెన్సరు గొట్టం ఎదురుగా టైరు రాకుండా చూసుకో, వేడికి రబ్బరు పాడవుతుంది.

రాక్ నంబరు ప్లేటును, వెనుక దీపాలను కప్పేస్తుంది. మీరు నందికి బయలుదేరేది తెల్లవారుజామున చీకట్లో. బ్రేకు వేసినట్టు వెనుకవాడికి కనబడాలి. దీపాల పలక, దానిమీద నంబరు ప్లేటు ఉన్న రాక్‌కు ఖర్చు ఎక్కువైనా దానికే పెట్టు. చట్టం సంగతీ ఉంది: 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, రిజిస్ట్రేషను వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చవద్దంటుంది. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ క్రాష్ గార్డుల (బంపరుకు అదనంగా బిగించే ఇనుప కడ్డీల) మీద రాష్ట్రాలకు లేఖ వ్రాసినప్పుడు ఎత్తి చూపినదీ ఆ సెక్షనే. కనుక పని మొదలుపెట్టకముందే ఆర్.టి.ఓ. కార్యాలయంలోనూ ఇన్సూరెన్సు వారినీ అడిగి, వారి జవాబును కాగితం మీద తీసుకో. సైకిళ్లు లేని రోజున రాక్ ఇంట్లో ఉండాలి.

దారిలో మొదటి టోల్ గేటు దాటగానే ఆగి, పట్టీలు, పిన్ను, తాళం చేత్తో పట్టి చూడు. చూసే పని అల్లుడిది అని వదిలెయ్యకు, ఇద్దరూ చూడండి.

అంగడివాడు ఇచ్చిన కొటేషనూ, హిచ్ మీద చెక్కిన బరువు అంకెల ఫోటోనూ అడ్వాన్సు ఇవ్వకముందే నాకు పంపు. కారును లిఫ్టు మీద ఎత్తే రోజు చెబితే నేను కూడా వస్తాను. మోకాలి నొప్పి సంగతి మీ పెద్దమ్మ చూసుకొంటుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న