చెట్టు పోయినా చిరునామా పోలేదు

ప్రశ్న: నికరాగువా రాజధాని మనాగువాలో వీధులకు పేర్లు ఉండవట. నిజమేనా? ఇంటి అడ్రస్ ఎలా చెప్పుకుంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చాలా వీధుల విషయంలో నిజమేనమ్మా. అక్కడ ఏదో ఒక గుర్తు పట్టుకుని దారి చెబుతారు. ‘చిన్న చెట్టు ఉండిన చోటి నుంచి సరస్సు వైపు రెండు వీధులు’ అంటారు. సరస్సు వైపంటే ఉత్తరం. ‘పైకి’ అంటే సూర్యుడు పొడిచే దిక్కు, ‘కిందికి’ అంటే పడమర. ఆ చెట్టు ఎప్పుడో పోయింది. అయినా ఊరంతా దాన్నే గుర్తు పెట్టుకుని తిరుగుతోంది. నాకు ఆ ఊరిమీద ఇంత ప్రేమ కలగడానికి కారణం ఇదే.

లియోన్, గ్రనాడా నగరాల పోరు తెగక మధ్యలో ఉన్న మనాగువాను 1852లో రాజధాని చేశారు. 1931లో ఒక భూకంపం. 1972 డిసెంబరు 23న అర్ధరాత్రి దాటిన అరగంటకు మరొకటి. పండగకు రెండు రోజుల ముందు నగరం నడిబొడ్డు నేలమట్టమైంది. వేలమంది చనిపోయారు. ఆ నడిబొడ్డును మళ్లీ మునుపటిలా కట్టనేలేదు.

పాత కెథెడ్రల్ మాత్రం నిలిచింది. దాని ఇనుప చట్రం బెల్జియం నుంచి ఓడలో వచ్చింది. గోడలు బీటలు వారాయి, గోపురం మీద గడియారం ఆ రాత్రి వేళకే ఆగిపోయింది. 1993లో వేరేచోట కొత్తది కట్టారు, కప్పు మీద 63 చిన్న గుమ్మటాలతో. ఫొటోలు దొరికితే ముందు ఆ పాత గడియారం చూడమ్మా.